తొండయ్యగారి ఇల్లు



ఈ వారం ఏదైనా మాట్లాడమని రేడియో మిత్రులు అడిగినప్పుడు నేను రెండు విషయాలు చెప్పాను. ఒకటి మా ఆఫీసులో చేస్తున్న క్లౌడ్ మైగ్రేషన్, రెండోది మా ఇంట్లో ఉన్న తొండ. వాళ్ళు ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా తొండే కావాలన్నారు. నా ఉద్యోగం మీద నాకున్న కాస్త గౌరవమూ ఆ రోజుతో పోయింది.

మేముండేది ఒహాయో రాష్ట్రంలో, కొలంబస్ ఊళ్ళో. నేను పదో తరగతి అవగానే బయాలజీ పుస్తకం మూసేసి ఎంపీసీలో చేరినవాణ్ణి. ఆ తర్వాత ఎం.ఎస్. చేసింది కంప్యూటర్ సైన్సులో. కాబట్టి ఇప్పుడు చెప్పబోయేది పశువైద్యుడి సలహాలా కాకుండా, ఒకసారి దెబ్బతిన్న మనిషి మాటలా వినండి.

2023లో మా అమ్మాయికి తొమ్మిదేళ్ళు. వాళ్ళ క్లాసురూములో టీచరు ఒక బియర్డెడ్ డ్రాగన్‌ని పెంచుతున్నారు. పేరులో డ్రాగన్ ఉంది గానీ, నిప్పులు కక్కదు, ఎగరదు. ఒళ్ళంతా మెత్తటి ముళ్ళు, గొంతు కింద గడ్డంలాంటి సంచి, మనిషి భుజం మీద గంటసేపు కదలకుండా కూర్చునే ఓపిక ఉన్న బల్లి జాతి జీవి. కుక్క కావాలంటే అపార్టుమెంటు అని సాకు చెప్పాం. పిల్లి కావాలంటే మా ఆవిడకి ఎలర్జీ. దీనికి మాత్రం చెప్పడానికి సాకు దొరకలేదు. బొచ్చు రాలదు, మొరగదు, వాకింగుకి తీసుకెళ్ళక్కర్లేదు. పుట్టినరోజుకి కొనిపెడతానని మాటిచ్చేశాను.

ఆ రాత్రే గుంటూరు జిల్లాలో ఉన్న మా అమ్మకి వీడియోలో చూపించాం. అమ్మ కళ్ళజోడు సర్దుకుని, ఫోనుని దగ్గరికీ దూరానికీ జరుపుకుని చూసి, "ఒరేయ్, తొండని డబ్బులిచ్చి కొన్నావుట్రా?" అంది.

"తొండ కాదమ్మా, ఇది ఆస్ట్రేలియా…"

"ఆస్ట్రేలియా తొండే అనుకో. ఎంత పెట్టావు?"

ఎనభై డాలర్లని చెప్పాను. అమ్మ మనసులో లెక్క వేసుకుంది. "ఆరున్నర వేలా! మన దొడ్లో కంచె మీద పది తిరుగుతున్నాయి, వచ్చి ఊరికే పట్టుకుపో" అంది. మా అమ్మాయి దానికి స్పైక్ అని పేరు పెట్టుకుంటే, నానమ్మ ఒప్పుకోలేదు. తొండయ్య అంది. అదే ఉండిపోయింది.

తర్వాత నేను చదువుకుంటే తెలిసింది, మా అమ్మ అన్నదే నిజమని. మన తొండా, ఈ గడ్డం తొండా ఒకే కుటుంబం. అగామిడే అంటారు. మన మగతొండకి జత కట్టే కాలంలో గొంతు ఎర్రబడుతుంది. దీనికి కోపమొస్తే గడ్డం నల్లబడుతుంది. రెండూ కంచె గుంజ ఎక్కి, తల పైకీ కిందికీ ఊపుతూ ఎండ కాచుకుంటాయి. చిన్నప్పుడు గడ్డిపరకతో ఉచ్చు వేసి వాటిని పట్టినవాళ్ళం మనం. రాళ్ళేసి కొట్టినవాళ్ళం కూడా. నేనూ కొట్టాను. అలాంటి వాణ్ణి ఇప్పుడు ఒక తొండకి ఒంట్లో బాగోలేదని ఆఫీసుకి సెలవు పెట్టాల్సి వచ్చింది. ఆ కథే చెప్తాను.

మేము చేసిన మొదటి తప్పు, జంతువునీ దాని ఇంటినీ ఒకేరోజు కొనడం. దుకాణంలో కిట్ అని ఒక అట్టపెట్టె పెట్టారు. అందులో ఇరవై గ్యాలన్ల గాజు ట్యాంకు, ఎర్ర ఇసుక సంచి, కరెంటుతో వేడెక్కే రాయి ఒకటి, పగటికో నీలం బల్బు, రాత్రికో ఎర్ర బల్బు, గాజుకి అంటించే గుండ్రటి థర్మామీటరు. పెట్టె మీద బొమ్మలో తొండ నవ్వుతోంది. అన్నీ ఉన్నాయనుకున్నాను. గంటలో బిగించేశాను. ఇసుక పరిచి, రాయి ప్లగ్ పెట్టి, బల్బు వెలిగిస్తే చూడ్డానికి ఎడారిలాగే ఉంది. మా అమ్మాయి చప్పట్లు కొట్టింది.

మొదటి నెల బాగానే గడిచింది. చీమిడిపురుగులంత చిన్న కీచురాళ్ళని వేస్తే పరుగెత్తి పట్టుకునేది. కాల్షియం పొడి అద్ది పెట్టమన్నారు, క్రమం తప్పకుండా అద్దాం. రెండో నెల వచ్చేసరికి తిండి తగ్గింది. ఎప్పుడూ ముందు కాళ్ళమీద ఛాతీ ఎత్తి దర్జాగా కూర్చునేది, పొట్ట నేలకి ఆనించి పడుకోవడం మొదలెట్టింది. చలికాలం కదా, అలాగే ఉంటుందిలే అనుకున్నాను. ఒకరోజు మా అమ్మాయి వచ్చి, "నాన్నా, తొండయ్య వేళ్ళు వణుకుతున్నాయి" అంది. వెళ్ళి చూస్తే నిజమే. వెనక కాలి వేళ్ళు, ఎవరో కనిపించని తీగ పట్టి లాగుతున్నట్టు, ఉండుండి అదురుతున్నాయి.

మామూలు పశువైద్యులు చాలామంది పాముల్నీ తొండల్నీ చూడరు. చూసేవాళ్ళు మాకు నలభై మైళ్ళ దూరంలో దొరికారు. జనవరి. బయట మంచు. పాత టిఫిన్ బ్యాగు ఒకటి ఖాళీ చేసి, వేడినీళ్ళ సీసాని తువ్వాల్లో చుట్టి అందులో పెట్టి, పక్కన దాన్ని పడుకోబెట్టి తీసుకెళ్ళాం. దారంతా మా అమ్మాయి ఆ బ్యాగుని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది, ఒక్క మాట మాట్లాడలేదు.

డాక్టరుగారు తొండని ముట్టుకోకముందే నన్ను అడిగిన మొదటి ప్రశ్న ఏమిటో తెలుసా? "మీ దీపం ఫోటో ఉందా?" అని. ఫోనులో చూపించాను. బల్బు పెట్టె ఫోటో కూడా చూపించాను, గర్వంగా. అందులో యూవీ ఉందండీ, చూడండి, ఇక్కడ రాసి ఉంది అన్నాను. ఆవిడ పెద్దది చేసి చూసి, ఫోను నా చేతికే తిరిగిచ్చి, "మళ్ళీ చదవండి" అన్నారు.

యూవీఏ అని ఉంది. కావలసింది యూవీబీ.

ఒక్క అక్షరం. రోజంతా కోడులో ఒక్క అక్షరం తేడా పట్టుకునే ఉద్యోగం నాది. దాని కోసమే నాకు జీతమిస్తారు.

ఆ ఒక్క అక్షరానికి అంత పట్టింపెందుకో చెప్తాను, ఎందుకంటే ఈ ప్రసంగంలో ఒక్క ముక్కే గుర్తుంచుకునేవాళ్ళుంటే అది ఇదే కావాలి. ఎండలో ఉండే అతినీలలోహిత కిరణాల్లో బి రకం చర్మం మీద పడ్డప్పుడే ఒంట్లో విటమిన్ డి3 తయారవుతుంది. అది ఉంటేనే తిన్న కాల్షియం పేగుల్లోంచి రక్తంలోకి ఎక్కుతుంది. ఇది మనకీ అంతే. కొలంబస్ నలభయ్యో అక్షాంశం మీద ఉంది. చలికాలంలో ఇక్కడి ఎండలో ఆ పస ఉండదు. మన డాక్టర్లు మనలో చాలామందికి విటమిన్ డి రాసివ్వడం ఇందుకే. మనం మాత్ర వేసుకుని బతికేస్తాం. పెరిగే వయసులో ఉన్న తొండకి అది చాలదు. నేను కాల్షియం పొడి అద్దుతూనే ఉన్నాను, డబ్బా సగం అయిపోయింది. అది దాని పొట్టలోకి వెళ్తోంది గానీ ఎముకల్లోకి వెళ్ళడం లేదు. కండరాలు పనిచెయ్యాలన్నా, గుండె కొట్టుకోవాలన్నా రక్తంలో కాల్షియం ఉండాలి కదా. బయటనుంచి రాకపోతే శరీరం సొంత ఎముకల్లోంచే తోడుకుంటుంది. ఎక్స్‌రేలో ఎముకలు పొగలా కనిపించాయి. కింది దవడని డాక్టరుగారు వేలితో సుతారంగా నొక్కి చూపించారు, రబ్బరులా వంగింది. మెటబాలిక్ బోన్ డిసీజ్ అంటారు. పెంపుడు తొండల్లో బాగా తరచుగా కనిపించే జబ్బిదేనట. ముందే పట్టుకున్నారు కాబట్టి బతుకుతుందన్నారు.

తిరుగుదారిలో మా అమ్మాయి నోరు విప్పింది. "నేనేమైనా తప్పు చేశానా నాన్నా?" అని అడిగింది. రోజూ పొద్దున్నే లేచి నీళ్ళు మార్చింది తను. కీచురాళ్ళకి పొడి అద్దింది తను. లేదమ్మా, పెట్టె మీద రాసింది చదవకుండా కొన్నది నేను అన్నాను. అప్పుడు ఏడ్చింది. దుకాణంవాళ్ళ మీద నాకు కోపం రాకపోలేదు, కానీ బల్బు పెట్టె మీద వాళ్ళు అబద్ధమేమీ రాయలేదు.

ఇక్కణ్ణుంచి అసలు విషయం. రెండోసారి ఇల్లు ఎలా కట్టామన్నది.

వెంటనే చెయ్యాల్సింది డాక్టరుగారే చెప్పారు. ఇసుకంతా తీసెయ్యండి, పేపర్ టవల్స్ పరవండి, ఆ వేడిరాయి చెత్తబుట్టలో పడెయ్యండి, ఇవాళే యూవీబీ ట్యూబు కొనండి. రాయి సంగతి వినండి. తొండలకి కింద నుంచి తగిలే వేడి సరిగ్గా తెలియదు. వేడి పైనుంచి, సూర్యుడిలా రావాలి. రాయి పాడై మరీ వేడెక్కినా అవి కదలకుండా దానిమీదే కూర్చుంటాయి. పొట్ట కాలిపోయిన కేసులు ఆవిడ చాలా చూశారట. ఇసుక సంగతేమో, పిల్లతొండ పురుగుని పట్టబోయి ఇసుక మింగితే పేగుకి అడ్డుపడే ప్రమాదం ఉంది. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాటికి మట్టీ ఇసుకా కలిపి పరవచ్చని అనేవాళ్ళున్నారు, వాళ్ళ వాదన వాళ్ళకుంది. నేను మళ్ళీ ఆ జోలికి పోలేదు. నేలకి వేసే నల్లరాతి పలకలు హార్డ్‌వేర్ దుకాణంలో కొని పరిచాను. తుడవడం తేలిక, గోళ్ళూ అరుగుతాయి.

ఆ తర్వాత పెద్ద ఇల్లు. నాలుగడుగుల పొడుగు, రెండడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తు. పెద్దదయ్యాక తోకతో కలిపి అడుగున్నర నుంచి రెండడుగులుంటుంది కాబట్టి అటూ ఇటూ తిరగడానికి అంత చోటు కావాలన్నది ఒక కారణం. అంతకన్నా పెద్ద కారణం ఇంకొకటుంది. ఈ జీవికి మనలా ఒంట్లో వేడి పుట్టదు. పొద్దున్నే ఎండలోకి వచ్చి వేడెక్కాలి, ఎక్కువైతే నీడకి పోవాలి. రోజంతా దాని పని అదే. చిన్న ట్యాంకులో బల్బు వెలిగిస్తే మొత్తం ఒకేలా కాగిపోతుంది, లేదా మొత్తం ఒకేలా చల్లగా ఉంటుంది. ఎండకీ నీడకీ మధ్య నడవడానికి దూరమే ఉండదు. మన ఊళ్ళో ఇల్లు కట్టినప్పుడు వీధరుగు మీద ఎండ, వెనక వసారాలో నీడ ఉండేలా కట్టేవాళ్ళు చూడండి, అలాగన్నమాట. దానికి కావలసింది గది కాదు, వీధీ పెరడూ రెండూ ఉన్న ఇల్లు.

దీపాలు రెండూ ఒకే కొసన పెట్టాలి. ఇది నాకు మొదట తోచలేదు. వేడి బల్బు ఒక కొసన, యూవీబీ ట్యూబు ఇంకో కొసన పెట్టి ఇల్లంతా వెలుగు నింపాననుకున్నాను. సూర్యుడు అలా రాడు కదా. వేడీ వెలుగూ కిరణాలూ ఒకేచోట పడాలి. తొండ వేడి కోసం వచ్చి కూర్చున్నప్పుడే ఆ కిరణాలు దాని వీపు మీద పడాలి. నీడకి పోతే మూడూ తగ్గాలి.

ట్యూబు టీ5 హై అవుట్‌పుట్ రకం, 12 శాతం అని రాసి ఉన్నది తీసుకున్నాను. పెట్టె పొడుగులో సగం దాకా వచ్చే పొడుగుది. మెలికలు తిరిగిన చిన్న బల్బులు కూడా యూవీబీ పేరుతోనే అమ్ముతారు, వాటి వెలుగు చిన్న చోటులోనే పడుతుంది, దూరం పోయేకొద్దీ తొందరగా పలచబడిపోతుంది. ట్యూబుకీ తొండ వీపుకీ మధ్య దూరం ఎంతుండాలో తయారీదారు ఇచ్చే పట్టికలో ఉంటుంది, దాన్ని పాటించాలి. పైన ఇనుప వల ఉంటే మూడో వంతు కిరణాలు దానికే పోతాయి, వల అల్లిక దట్టంగా ఉంటే ఇంకా ఎక్కువ. అందుకని నేను ట్యూబుని వలకి లోపల బిగించాను. ఇక్కడి సరీసృపాల క్లబ్బులో ఒకాయన యూవీ ఇండెక్స్ కొలిచే మీటరు ఒక పూట అరువిచ్చాడు. ఎండ కాచుకునే కొమ్మ మీద నాలుగు చూపించింది. అది సరైన లెక్కే. చల్లటి కొసన దాదాపు సున్నా.

ఇంకొక్క సంగతి, ఆ ట్యూబు ఏడాది తర్వాత కూడా మన కంటికి నిక్షేపంగానే వెలుగుతుంది. యూవీబీ మాత్రం తగ్గిపోతుంది. వెలుగు చూసి నమ్మకూడదు. కొన్న తేదీ ఒక కాగితం ముక్క మీద రాసి పెట్టెకి అంటించాను. ఏడాదికోసారి మార్చేస్తాను.

ఈ హడావిడంతా విన్న మా అమ్మ, "అంత ఖర్చెందుకురా, కిటికీ పక్కన పెట్టు, ఎండ తగుల్తుంది" అంది. చాలా సబబైన మాటే. నేనూ ముందు అదే అనుకున్నాను. కానీ కిటికీ అద్దం వెలుగునీ వేడినీ లోపలికి రానిస్తుంది, యూవీబీని దాదాపు పూర్తిగా ఆపేస్తుంది. పైగా గాజు ట్యాంకు మీద నేరుగా ఎండ పడితే ఎండలో ఆపిన కారులా లోపల ఉడికిపోతుంది. వేసవిలో, 80 డిగ్రీలు దాటిన రోజున, పెరట్లోకి తీసుకెళ్ళి మా అమ్మాయి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటే అది వేరు. అసలైన ఎండకి సాటొచ్చే ట్యూబు లేదు. అప్పుడు కూడా పక్కన నీడ ఉండాలి, ఆకాశంలో గద్దలున్నాయేమో చూసుకోవాలి.

వేడికి ప్రత్యేకంగా తొండ బొమ్మ వేసిన బల్బు అక్కర్లేదు. హార్డ్‌వేర్ దుకాణంలో దొరికే హాలోజన్ ఫ్లడ్ బల్బు చాలు. బల్బు బిగించే సాకెట్టు మాత్రం పింగాణీది ఉండాలి, ప్లాస్టిక్‌ది కరిగిపోతుంది. బల్బుకి తొండ ఎక్కి అందుకోలేనంత ఎడం ఉండాలి, లేకపోతే చుట్టూ జాలీ. దీపం ఊడి పడిందంటే ఇల్లంటుకుంటుంది కాబట్టి క్లిప్పుని నమ్మకుండా గొలుసుతో కట్టాను. ఎన్ని వాట్లు అని అందరూ అడుగుతారు. దానికి ఒక్క జవాబు లేదు. మీ గది చలి, పెట్టె ఎత్తు, కొమ్మ ఎత్తు బట్టి మారుతుంది. కొలిచి తేల్చుకోవాల్సిందే. ఎండ కాచుకునే రాయి పైభాగం 100 నుంచి 110 ఫారెన్‌హీట్, చల్లటి కొసన 75 నుంచి 85 మధ్య. మన లెక్కలో చెప్పాలంటే ఒక కొసన మే నెల రెంటచింతల, ఇంకో కొసన సంక్రాంతి.

కొలవడానికి గాజుకి అంటించే గుండ్రటి థర్మామీటరు పనికిరాదు. మా పాతది చూపించే 95 ఎక్కడిదో తెలుసా? గాజు గోడది. ఇరవై డాలర్లు పెట్టి ఇన్‌ఫ్రారెడ్ గన్ కొని రాయి మీద చూస్తే 82 ఉంది. రెండు నెలలపాటు ఆ జీవికి తిన్నది అరగనిచ్చేంత వేడి కూడా లేదన్నమాట. తొండకి వేడి లేకపోతే కడుపులో తిండి అలాగే ఉండిపోతుంది. అది తినడం ఎందుకు తగ్గించిందో అప్పుడర్థమైంది. ఇప్పుడు రాయి మీద గన్‌తో, గాలిలో వేడిని రెండు కొసల్లో డిజిటల్ ప్రోబులతో చూస్తాం. బల్బుని డిమ్మింగ్ థర్మోస్టాట్‌కి కలిపాను.

ఇవన్నీ బిగించాక తొండని వెంటనే అందులో వెయ్యలేదు. నాలుగు రోజులు ఖాళీ పెట్టెని నడిపాం. పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి, రాత్రి ఒకసారి అంకెలు రాసింది మా అమ్మాయి. నేను ఎక్సెల్ షీటు తెరిస్తే వద్దంది, తన నోటుపుస్తకంలోనే రాసింది. రెండో రోజు రాయి మీద 118 వచ్చింది, బల్బు తగ్గించాం. ఆఫీసులో టెస్టింగ్ అవకుండా ప్రొడక్షన్‌కి పంపిస్తే ఒప్పుకోని మనిషిని నేను. మొదటిసారి ఆ టెస్టింగంతా తొండయ్య ఒంటి మీద జరిగింది.

రాత్రిళ్ళు దీపమేదీ వద్దు. ఎర్ర బల్బు వాటికి కనపడదని చెప్పి అమ్ముతారు, కనపడుతుంది, నిద్ర పాడవుతుంది. మా ఇంట్లో రాత్రి 66 దాకా దిగుతుంది. ఎడారి జీవికి చల్లటి రాత్రి అలవాటే కాబట్టి అది ఫర్వాలేదు. మరీ చల్లగా ఉండే ఇళ్ళల్లో వెలుగు లేకుండా వేడినిచ్చే సిరామిక్ హీటరు వాడతారు. ఇక్కడో చిన్న సంగతి చెప్పాలి, మా అమ్మకి ఇది చాలా నచ్చింది. దీని నడినెత్తిన, రెండు కళ్ళ వెనకగా, ఒక చిన్న పాలిపోయిన చుక్కలా మూడో కన్ను ఉంటుంది. పెరైటల్ ఐ అంటారు. బొమ్మలు కనపడవు గానీ వెలుగూ చీకటీ తెలుస్తాయి. పైనుంచి నీడ పడితే గద్దేమోనని బెదిరేది దాంతోనే. అందుకే పైనుంచి చెయ్యి పెట్టి పట్టుకోకూడదు, పక్కనుంచి మెల్లగా ఎత్తుకోవాలి. "ముక్కంటా! నేను తొండయ్య అన్నానే" అని మా అమ్మ నొచ్చుకుంది.

లోపలి సామాను గురించి ఎక్కువ చెప్పను. చల్లటి కొసన దాక్కోవడానికి ఒక గూడు, ఎక్కడానికి గట్టి కొమ్మ, ఒక బల్లపరుపు రాయి, లోతులేని నీళ్ళ మూకుడు. గాలిలో తేమ 30, 40 శాతం మధ్య ఉంటే చాలు. రెండింటిని ఒకే పెట్టెలో వెయ్యకండి. జంటగా ఉంటే ముచ్చటగా ఉంటుందని మనకనిపిస్తుంది. ఒకదానిమీద ఒకటి ఎక్కి పడుకుంటే ప్రేమ అనుకుంటాం. అది మంచి ఎండ కోసం పోటీ.

తిండి విషయంలో మా ఇల్లు పడ్డ పాట్లు ఇంకో ప్రసంగమవుతుంది. మా వంటింట్లోకి గుడ్డు కూడా రాదు. అలాంటిది కీచురాళ్ళు కొన్నాం, అవి తప్పించుకుని సోఫా కింద చేరి రాత్రంతా కూశాయి. వాటిమీద విసుగెత్తి దూబియా బొద్దింకలకి మారాం. ఇవి నున్నటి గోడ ఎక్కలేవు, ఎగరవు, కూయవు. "ఏవండీ, బొద్దింకల మందుకి డబ్బులు పెట్టడం చూశాను గానీ బొద్దింకలకి డబ్బులు పెట్టడం ఇదే చూడ్డం" అంది మా ఆవిడ. పురుగు సైజు తొండ రెండు కళ్ళ మధ్య దూరానికి మించకూడదు. పిల్లప్పుడు పురుగులెక్కువ, పెద్దయ్యాక ఆకులెక్కువ. మేము మొదట్లో పాలకూర ఒంటికి మంచిదని దట్టంగా పెట్టాం. అందులో ఉండే ఆక్సలేట్లు కాల్షియాన్ని పట్టేసుకుంటాయి, అంటే ఉన్న జబ్బుకి ఆజ్యం పోశామన్నమాట. ఇప్పుడు కొలార్డ్ ఆకు, ఆవాకు, కాస్త గుమ్మడి. మందు చల్లని మందారప్పువ్వు దొరికితే ఆ రోజు తొండయ్యకి పండగ. అవకాడో మాత్రం దగ్గరికి రానివ్వకండి. పెరట్లో మిణుగురులు పట్టి పెట్టకండి, ఒక్కటి చాలు ప్రాణం తియ్యడానికి.

చిన్నపిల్లలున్న ఇళ్ళవాళ్ళకి ఒక మాట. చూడ్డానికి ఎంత ఆరోగ్యంగా ఉన్నా ఈ జీవుల ఒంటిమీదా పెంటలోనూ సాల్మొనెల్లా ఉండొచ్చు. అయిదేళ్ళలోపు పిల్లలున్న ఇంట్లో సరీసృపాలు వద్దని ఇక్కడి సీడీసీ చెప్తుంది. మొన్న ఒక మిత్రుడు, వాళ్ళ బాబుకి రెండేళ్ళు, మా తొండయ్యని చూసి ముచ్చటపడ్డాడు. మూడేళ్ళాగమన్నాను. ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడగాలి, దాని గిన్నెలు వంటింటి సింకులో కడగకూడదు. మా ఇంట్లో ఈ ఒక్క నియమానికీ మా ఆవిడ మడి పద్ధతి తెచ్చింది. దాని బకెట్టు వేరు, దాని గుడ్డ వేరు, దాని బ్రష్షు వేరు. సీడీసీవాళ్ళు వచ్చి చూసినా వంక పెట్టలేరు.

ఖర్చు అడుగుతారు కాబట్టి చెప్తాను. తొండ ఎనభై. పనికిరాని కిట్ నూట యాభై. డాక్టరు, ఎక్స్‌రే, మందులు మూడువందల పైన. సరైన ఇల్లు, దీపాలు, థర్మోస్టాట్ అన్నీ కలిపి ఆరువందల యాభై దాకా. మొదటే కట్టి ఉంటే మధ్య రెండూ తప్పేవి.

డబ్బుకన్నా నేను లెక్కవెయ్యనిది ఇంకొకటుంది. ఇవి పది పన్నెండేళ్ళు బతుకుతాయి. హెచ్1బి వీసా ఆరేళ్ళు. గ్రీన్‌కార్డు దరఖాస్తు కదులుతుంటే పొడిగిస్తారు, అది వేరే పురాణం. తొండయ్య ఆయుష్షు నా వీసాకన్నా పొడుగన్నది కొన్నరోజున నాకు తట్టలేదు. నాలాంటి కన్సల్టెంటుకి ప్రాజెక్టు మారితే ఊరు మారుతుంది. ఇండియాకి తిరిగి వెళ్ళాల్సొస్తే కుక్కనో పిల్లినో తీసుకెళ్ళినంత తేలిక కాదు. ఇలా వదిలేసి వెళ్ళినవాళ్ళవి, పిల్లలకి మోజు తీరాక ఇచ్చేసినవి, రెస్క్యూ సంస్థల్లో చాలా ఉంటాయి. కొనేముందు అక్కడ అడగమని ఇప్పుడు చెప్తున్నాను, అప్పుడు నాకెవరూ చెప్పలేదు. మేం వెళ్ళాల్సొస్తే తనకిచ్చి వెళ్ళమని స్కూలు టీచరుగారు మాటిచ్చారు. ఆ మాట మా అమ్మాయి తన నోటుపుస్తకంలో, ఆ ఉష్ణోగ్రతల పట్టిక కిందే, ఆవిడ చేత సంతకం పెట్టించి తెచ్చుకుంది.

తొండయ్య కోలుకోవడానికి నాలుగు నెలలు పట్టింది. రోజూ సిరంజితో నోట్లో కాల్షియం ద్రవం వేసేవాళ్ళం. దవడ గట్టిపడింది, వణుకు పోయింది. వెనక కుడికాలు మాత్రం కొంచెం వంకరగానే మిగిలింది, అది ఇక సరికాదు. కొమ్మ ఎక్కేటప్పుడు ఆ కాలిని ఒక క్షణం వెతుక్కుంటుంది, తర్వాత ఎక్కేస్తుంది. పొద్దున ఏడింటికి టైమరు దీపాన్ని వెలిగించగానే గూట్లోంచి తల బయటపెట్టి, అయిదు నిమిషాలు ఆలోచించి, మెల్లగా నడుచుకుంటూ వచ్చి రాయెక్కుతుంది. ఒంటిరంగు ముదురుగా ఉంటుంది అప్పుడు, వేడిని పీల్చుకోవడానికి. అరగంటలో పసుపుపచ్చగా తేలిపోతుంది. మా అమ్మాయి స్కూలు బస్సెక్కేముందు ఆ రంగు మారడం చూసి వెళ్తుంది.

రాత్రి ఏడవుతోంది, ఇంట్లో తొండయ్య దీపం ఆరే వేళయింది. చివరగా ఒక ప్రకటన. మా పాత ఇరవై గ్యాలన్ల ట్యాంకు గరాజులో ఖాళీగా ఉంది. మొక్కలకో, పిల్లల సైన్సు ప్రాజెక్టుకో కావాలంటే కొలంబస్ చుట్టుపక్కలవాళ్ళు ఊరికే పట్టుకెళ్ళొచ్చు. తొండ కోసమని అడిగితే మాత్రం ఇవ్వను.